డి డ్రైవ్‌లో దాచిన మాటలు

ఆబిడ్స్, హైదరాబాదు
నవంబరు 6, 2025

స్వర్ణా,

నువ్వు మన కొట్టు వదిలి ఆ కొండల్లోకి వెళ్ళి అయిదు నెలలయింది. క్షేమం అడగవలసిన మొదటి ఉత్తరంలో ఫిర్యాదు రాస్తున్నాను, ఈ ముసలాణ్ణి క్షమించు.

ముందు కాగితం సంగతి. పద్దెనిమిదేళ్ళు ఇక్కడ డీటీపీ చేసినదానివి, మన ఆచారం నీకు కొత్త కాదు. ఒకవైపు అచ్చుపడి పాడైన కాగితాలు బల్ల కింద అట్టపెట్టెలో వేస్తాం, రెండోవైపు మన రాతకోతలకు వాడుకుంటాం. ఈ ఉత్తరమూ ఆ పెట్టెలోంచి తీసిందే. వెనక ఎవరి వ్యవహారం ఉందో నేను చూడలేదు. తోచకపోతే అదీ చదువుకో.

ఫిర్యాదు కంప్యూటర్ మీద. పోయిన నెల నుంచి పొద్దున తెరవగానే, ఈ విండోస్‌కు ఇక మా బాధ్యత లేదు, కొత్త కంప్యూటర్ కొనుక్కో అని తెర నిండా చెబుతోంది. చెబితే చెప్పింది, నడకైనా సరిగ్గా నడవదే! చిరాగలీ లేన్ నుంచి మెకానిక్ కిషన్‌ను పిలిచాను. వాడు మూత తీశాడు, మూత పెట్టాడు, నా చెవి దగ్గరికి వచ్చి అరిచాడు. "సార్, గిది ముసల్దైంది. కొత్త విండోస్ గిండ్ల ఎక్కది. కొత్త డబ్బా తీస్కోండ్రి." ముసలిదనే మాట ఒక్కటే నాకు స్పష్టంగా వినిపించింది.

కొత్త డబ్బా మీద నాకు మనసు లేదు. ఎందుకో నీకు తెలుసు. తెలిసినా రాస్తాను, రాస్తే కాస్త తేలికవుతుంది. నా చెవులు మూతపడ్డాక ఆరేళ్ళ పాటు మా ఆవిడ, నువ్వు అమ్మా అని పిలిచే జానకి, పక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో, తను నాతో ఏం చెప్పదలచుకుందో పెద్ద అక్షరాల్లో టైపు చేసి తెర నా వైపు తిప్పేది. నేను నోటితో జవాబు చెప్పేవాణ్ణి. వాక్యం అయిపోగానే సేవ్ నొక్కడం జానకి వేళ్ళకు అలవాటు. అలా రోజుకొక ఫైలు మిగిలిపోయింది. తను పోయాక ఆ రెండో కంప్యూటర్ తీసేసినప్పుడు నువ్వే ఆ ఫైళ్ళన్నీ నా డి డ్రైవ్‌లో పెట్టావు.

ఏడాదిన్నరగా రోజూ పొద్దున ఒక ఫైలు తెరిచి, టీ తాగుతూ చదువుతున్నాను. నా మాటలు అందులో లేవు. కానీ తన మాట చదివితే ఆ రోజు నేనేమన్నానో గుర్తొస్తుంది. ఇవాళ్టి దాంట్లో, "కరెంటు పోయేలోగా టీ తాగండి. కరెంటుకీ టీకీ ఏమిటి సంబంధం అని అడగకండి" అని ఉంది. నేను సరిగ్గా అదే అడిగాను.

ఆ ఫైలు తెరుచుకునేసరికి టీ చల్లారిపోతోంది. నా బాధల్లా అదే. దసరాకు రాసిన కార్డులో మీ బడిలో మూలపడ్డ పది కంప్యూటర్లను విండోస్ లేకుండానే లేపి కూర్చోబెట్టానన్నావు. ఆ మందేదో నాకూ పంపు. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్లో నీ గొంతుకూ లారీ చప్పుడుకూ నాకు తేడా తెలియదు.

రామచంద్రమూర్తి


గురుకులం క్వార్టర్స్, ఉట్నూరు దగ్గర
నవంబరు 16

మూర్తి సార్‌కు స్వర్ణ నమస్కారాలు.

మీ ఉత్తరం వెనక అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణం మడిగె కిరాయి ఒప్పందం ఉంది. మూడో షరతు మీద ఎవరో టీ ఒలకబోశారు, దాని కింద ఏముందో తెలియలేదు. ఆదివారం పిల్లలంతా ఆటలకు పోతే ఈ క్వార్టర్స్‌లో నేనూ ఒక బల్లీ తప్ప ఎవరమూ ఉండం. అందుకని రెండుసార్లు చదివాను.

మందు పేరు లినక్స్. అది కూడా విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించేదే. కాకపోతే ఒక కంపెనీ సొత్తు కాదు, ఊరికే దొరుకుతుంది. పప్పు ఒకటే అయినా ఇంటికొక రకంగా వండినట్టు దీంట్లో చాలా రకాలున్నాయి. ఏది ఎంచుకోవాలో తెలియక నేను నెల రోజులు తిప్పలు పడ్డాను. ముందు ఉబుంటు పెట్టాను. మంచిదే, కానీ మా ముసలి కంప్యూటర్లు దాని బరువు మోయలేకపోయాయి. డెబియన్ పెడితే అది అడిగే ప్రశ్నలకు జవాబులు నాకే తెలియలేదు. చివరికి మింట్ దగ్గర ఆగాను. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అని తేలికపాటిది ఉంటుంది. కింద ఎడమ మూలన బటన్ నొక్కితే అన్నీ అక్కడే కనిపిస్తాయి. విండోస్ అలవాటైన చేతికి వెతుకులాట ఉండదు. తొమ్మిదో తరగతి పిల్ల భాగ్య చూసి, "టీచర్, గిది మన పాత కంప్యూటరేనా? దీనికి జరం తగ్గినట్టున్నది" అన్నది.

ఈ కవరులో పెన్ డ్రైవ్ ఉంది. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి, వచ్చే జాబితాలో పెన్ డ్రైవ్‌ను ఎంచుకోండి. మింట్ పెన్ డ్రైవ్ మీంచే నడుస్తుంది. లోపల ఏదీ మారదు. నాలుగు రోజులు వాడి చూడండి. ప్రింటర్ పలుకుతుందా, తెలుగు పడుతుందా చూసుకోండి. నచ్చకపోతే పెన్ డ్రైవ్ లాగేస్తే సరి. ఇన్‌స్టాల్ అనే బొమ్మను మాత్రం నేను చెప్పేదాకా ముట్టుకోకండి.

కొట్లో గిరాకీ వస్తే ఎట్లా మాట్లాడుతున్నారు సార్? మీరు ఒక్క మాటా రాయలేదు.

స్వర్ణ


ఆబిడ్స్
నవంబరు 30

స్వర్ణా,

మింట్ అంటే పుదీనా అని కిషన్ చెప్పాడు. మా నాన్న యాభై ఆరులో గుంటూరు నుంచి నాంపల్లి వచ్చి సచివాలయంలో టైపిస్టుగా చేరాడు. ఆయన టైపుమిషన్ మీద బతికాడు, నేను కంప్యూటర్ మీద బతికాను, చివరికి పచ్చడి మీద బతకమంటున్నావు. సరే.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎఫ్12 నొక్కడంలో ఆలస్యమై మూడుసార్లు విండోసే వచ్చింది. నాలుగోసారి పుదీనా దిగింది. చక్కగా ఉంది. ఎడమ మూల బటన్ ఉంది, ఫైళ్ళున్న డబ్బాలు ఉన్నాయి, మన డి కూడా కనిపించింది. తెలుగు పడింది. ప్రింటర్ అడగకుండానే పలికింది! కార్ట్రిడ్జ్ నింపించినప్పుడల్లా మీ అమ్మగారు తెర మీద ఏముంటే దాన్నే ఒక పేజీ కొట్టి చూసేది, గుర్తుందా? నేను అలాగే కొట్టి చూశాను. కాగితం వృథా చేశానని కసిరేవాళ్ళు ఎవరూ లేరు.

గిరాకీ సంగతి అడిగావు. బాగానే జరుగుతోంది. వాళ్ళు మాట్లాడతారు, నేను తల ఊపుతాను. నూటికి ఎనభై మంది జిరాక్స్‌కే వస్తారు కనక తల ఊపితే చాలు. మొన్న నాంపల్లి కోర్టు నుంచి వకీలు గుమస్తా భూపాల్ వచ్చి ఏదో అడిగాడు. ఊపాను. గంటసేపు నిలబడ్డాడు. నేను జిరాక్స్ తీసుకుంటూ, ఇంకా ఎందుకు నిలబడ్డాడో అనుకున్నాను. తర్వాత బల్ల మీద చరిచి వెళ్ళిపోయాడు. ఏం అడిగాడో ఇప్పటికీ తెలియదు. నవ్వొచ్చే విషయమే కదా?

ఇక ఎక్కించేద్దాం. ఎలాగో వరసగా రాయి, కాగితం ముందు పెట్టుకుని చేస్తాను. కిషన్‌ను పిలవను. డెబ్భై ఒకటో ఏట ఒక పని నా అంతట నేను చెయ్యాలని ఉంది.

రామచంద్రమూర్తి


ఉట్నూరు దగ్గర
డిసెంబరు 7

మూర్తి సార్‌కు,

అర్ధసంవత్సరం పరీక్షల పేపర్లు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. రాత తొందరగా ఉంటే ఏమనుకోకండి. పద్ధతి మా ల్యాబ్ నోటుపుస్తకం నుంచి చూసి రాస్తున్నాను.

మీకు కావలసినవన్నీ ముందే భద్రంగా వేరేచోట పెట్టుకోండి. పెన్ డ్రైవ్ మీంచి మింట్ తెరిచాక ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కండి. భాష అడుగుతుంది, తర్వాత కీబోర్డు అడుగుతుంది. ఆ పైన ఎక్కడ ఎక్కించాలి అంటుంది. అక్కడ ఎరేజ్ డిస్క్ అనేది ఎంచుకుని ఇన్‌స్టాల్ నౌ నొక్కండి. ఇంకోసారి అడిగితే కంటిన్యూ అనండి. ఊరు కోల్‌కతా అని చూపిస్తుంది, కంగారుపడకండి, దేశమంతటికీ అదే గడియారం. మీ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పావుగంటలో అయిపోతుంది. చివర్న పెన్ డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమంటుంది.

భూపాల్ సంగతి నాకు నవ్వు రాలేదు సార్.

స్వర్ణ


ఆబిడ్స్
డిసెంబరు 22

స్వర్ణా,

పని పూర్తయింది. నువ్వు రాసిన వరసలోనే చేశాను, ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు కంప్యూటర్ నొక్కిన వెంటనే లేస్తోంది. కిషన్ వచ్చి చూసి, "మీరే చేసిన్రా సార్?" అని కళ్ళు పెద్దవి చేశాడు. ఆ మాట పెదవులు చూసి పట్టుకున్నాను.

చలి బాగా ఉంది. నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ స్టాళ్ళకు కర్రలు పాతుతున్నారు. నువ్వు స్వెటర్ వేసుకో. ఇంతకంటే విశేషాలు లేవు.

రామచంద్రమూర్తి


ఉట్నూరు దగ్గర
జనవరి 10, 2026

మూర్తి సార్‌కు,

మీరు చేశారని పిల్లలకు చెప్పాను. హైదరాబాద్‌లో ఒక తాత మన పుస్తకం చూసి ఒక్కడే ఎక్కించుకున్నాడంటే భాగ్య నమ్మలేదు. తనకు యూట్యూబ్ చూసినా రాలేదట.

ఒక్కటి అడగాలి. అమ్మ ఫైళ్ళు సరిగ్గా తెరుచుకుంటున్నాయా? అవన్నీ మన పాత డీటీపీ ఫాంట్‌లో ఉన్నాయి. ఆ ఫాంట్ మింట్‌లో లేకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. భయపడకండి, మాటలు ఎక్కడికీ పోవు. ఫాంట్ పెడితే మళ్ళీ వస్తాయి. అట్లా కనిపిస్తే రాయండి, పెన్ డ్రైవ్‌లో వేసి పంపుతాను. ఈ మధ్య ఏ ఫైలు చదివారో కూడా రాయండి.

స్వర్ణ


ఆబిడ్స్
జనవరి 24

స్వర్ణా,

నుమాయిష్ జోరు మీద ఉంది. సాయంత్రమైతే నాంపల్లి స్టేషన్ నుంచి ఇంటిదాకా జనంలో నడవడానికి గంట పడుతోంది. నోళ్ళన్నీ కదులుతుంటాయి, నాకు మాత్రం చప్పుడు లేదు. జెయింట్ వీల్ మీద ఆడపిల్లలు నోరు తెరిచి కేకలు వేస్తుంటే కింద నిలబడి చూశాను. నువ్వూ జానకీ ఎక్కినప్పుడు నేను ఇదే చోట చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.

ఈ మధ్య పొద్దున టీ కొట్లో తాగడం లేదు. మొజంజాహీ మార్కెట్ పక్కన ఇరానీ హోటల్లో తాగి, పదిన్నరకు తాళం తీస్తున్నాను. నడక మంచిదని డాక్టరు అన్నాడు.

ఫైళ్ళు బాగానే ఉన్నాయి. ఫాంట్ ఏమీ పంపనక్కర్లేదు. పని ఎక్కువగా ఉండి చదవడం కుదరడం లేదు.

రామచంద్రమూర్తి


ఉట్నూరు దగ్గర
ఫిబ్రవరి 5

సార్,

మీరు నాకు అబద్ధం రాశారు. ఎట్లా తెలిసిందో తర్వాత చెబుతాను. అమ్మ ఫైళ్ళకు ఏమైంది?

స్వర్ణ


ఆబిడ్స్
ఫిబ్రవరి 16

స్వర్ణా,

పోయాయి. అన్నీ పోయాయి.

డిసెంబరు పద్నాలుగు, ఆదివారం. ఆ రోజు గిరాకీ ఉండదని పెట్టుకున్నాను. బయట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్ళు పట్టాలు పరుచుకుంటున్నారు. నీ ఉత్తరం కీబోర్డుకు ఆనించాను. "కావలసినవన్నీ ముందే భద్రంగా వేరేచోట పెట్టుకోండి" అన్న వాక్యం చదివి ధీమాగా నవ్వుకున్నాను. ఎందుకంటే మానిటర్ అంచున నీ చేతిరాతతోనే ఇంకో కాగితం పదేళ్ళుగా అంటుకుని ఉంది. "ముఖ్యమైనవన్నీ డి లోనే పెట్టాలి. సి పోయినా డి పోదు." నా లెక్కలో ఆ వేరేచోటు డి యే. పాతికేళ్ళలో కంప్యూటర్ ఎన్నిసార్లు పడకేసిందో! ప్రతిసారీ కిషనో, వాడికి ముందు వాడి బాబాయో వచ్చి, సి తుడిచి విండోస్ ఎక్కించి వెళ్ళేవాళ్ళు. "డి కి ఏం గాదు సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అనేవాళ్ళు. నిజంగానే ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఎరేజ్ డిస్క్ నొక్కాను. మళ్ళీ ఒక ప్రశ్న అడిగింది. చిన్న అక్షరాల్లో ఏవేవో పేర్లు, అంకెలు ఉన్నాయి. అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేనేం చేస్తానో నీకు తెలుసు. తల ఊపాను. ఎవరూ లేని కొట్లో, కంప్యూటర్ ముందు, నిజంగానే తల ఊపి కంటిన్యూ నొక్కాను.

అయిపోయాక టీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఇవాళ టీ వేడిగా ఉండగానే చదవొచ్చు అనుకున్నాను. పెన్ డ్రైవ్ మీంచి నడిపినప్పుడు కనిపించిన డి, ఇప్పుడు లేదు. సాయంత్రం దాకా వెతికాను. మర్నాడు కిషన్ దగ్గరికి పట్టుకెళ్ళాను. వాడు ఈసారి అరవలేదు. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో వేలితో "పోయినయ్" అని రాశాడు. నువ్వు మూడేళ్ళ కిందట వేయించిన కొత్తరకం డిస్క్‌లో తుడిస్తే ఏమీ మిగలదట.

దగ్గర దగ్గర పద్దెనిమిది వందల ఫైళ్ళు. నాలుగు వందల చిల్లర చదివాను. రోజుకొకటి చొప్పున ఇంకో నాలుగైదేళ్ళకు సరిపోతాయి, నాకూ అంతే సరిపోతుంది అనుకున్నాను. అందుకే ఆత్రపడి ఒక రోజులో రెండోది ఎప్పుడూ తెరవలేదు. తెరిచి ఉంటే కనీసం చదివేవాణ్ణి కదా. జానకి రెండోసారి పోయింది స్వర్ణా, ఈసారి నా చేత్తోనే.

నీకు చెబితే నీ ఉత్తరం వల్లనే జరిగిందనుకుంటావని దాచాను. పొద్దున పూట ఆ కుర్చీలో కూర్చోలేక హోటల్‌కు పోతున్నాను. తప్పు నాదే. నువ్వేమీ అనుకోవద్దు.

రామచంద్రమూర్తి


ఉట్నూరు దగ్గర
మార్చి 1

మూర్తి సార్‌కు,

మీ ఉత్తరం వచ్చిన రోజు క్లాసు చెప్పలేకపోయాను. తప్పు మీదొక్కరిదే అంటే నేను ఒప్పుకోను. సి, డి అని మనం పేర్లు పెట్టుకున్నవి రెండు డిస్కులు కావు, ఒక్క డిస్కుకే మధ్యలో గోడ. ఎరేజ్ డిస్క్ అంటే ఆ గోడతో సహా పోతుంది. ఇది నాకు తెలుసు. మా ల్యాబ్ కంప్యూటర్లలో దాచుకోవలసిందేమీ లేదు కనక ఆ మాట నా నోటుపుస్తకంలో లేదు. చూసి రాసిన ఉత్తరంలోనూ లేదు. డి కూడా పోతుంది అని ఒక్క వాక్యం రాయవలసింది. మానిటర్ మీద కాగితం అంటించింది నేను. దయచేసి దాన్ని చింపేయండి.

ఇంకొకటి కూడా నేను దాచాను. జీతం కోసం ఇక్కడికి వచ్చానని మీతో చెప్పాను. అది నిజం కాదు. అమ్మ పోయిన నెలకు ఒక మధ్యాహ్నం నేను అమ్మ కుర్చీలో కూర్చుని, పెద్ద అక్షరాల్లో "భోజనం చేశారా సార్?" అని టైపు చేసి తెర మీ వైపు తిప్పాను. మీరు చూశారు. లేచి బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు కిషన్‌ను పిలిచి ఆ కంప్యూటర్ ఇచ్చేశారు. ఆ తర్వాత ఏడాది పాటు ఒకే గదిలో మీరు నా వైపు చూసి తల ఊపారు, నేను మీ వైపు చూసి తల ఊపాను. నాకు ఊపిరాడలేదు సార్. నేను అమ్మ చోటులో కూర్చున్నందుకు మీకు కోపం వచ్చిందనుకుని ఇక్కడ అప్లికేషన్ పెట్టాను.

ఇప్పుడు ఎట్లా తెలిసిందో చెబుతాను. ఈ కవరులో మీ ఉత్తరాలే మూడు తిప్పి పంపుతున్నాను. దయచేసి వాటి వెనకవైపు చూడండి.

కార్ట్రిడ్జ్ నింపించినప్పుడల్లా అమ్మ తెర మీదున్నది కొట్టి చూసేది అని మీరే రాశారు. ఆ పేజీలు అట్టపెట్టెలోకే పోయేవి. నవంబరు ముప్పై నాటి ఉత్తరం వెనక, "పెళ్ళికార్డు వాళ్ళు వచ్చారు. పిల్ల పేరు నేను రెండుసార్లు అడిగాను. మీరు మళ్ళీ అడగకండి" అని ఉంది. డిసెంబరు ఉత్తరం వెనక ఉన్నది చదివి నేను ఏడ్చాను. "స్వర్ణ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నేను చెబితే వినదు. మీరు చెప్పండి." మీరు కావాలనే ఆ కాగితం ఎంచి పంపారనుకున్నాను. మాటల్లో రాయలేక ఇట్లా పంపారనుకుని, నేనూ దాని గురించి ఏమీ రాయలేకపోయాను. జనవరి ఉత్తరంలో ముందువైపు "ఫైళ్ళు బాగానే ఉన్నాయి" అని మీరు రాశారు. వెనకవైపు అమ్మ, "వినపడకపోతే తల ఊపకండి. వినపడలేదని చెప్పండి. దాచిపెడితే మీకే నష్టం" అని రాసింది. అదీ మీరే ఎంచి పంపారనుకున్నాను, ఏదో దాస్తున్నారని అప్పుడు తెలిసింది.

మీరు వెనకవైపు చూడనే లేదని మొన్నటి ఉత్తరంతో అర్థమైంది. చూసి ఉంటే పోస్టులో వేసేవారు కాదు. పెట్టె కింద ఇంకా ఉంటాయి సార్. అన్నీ తిరగేయండి.

స్వర్ణ


ఆబిడ్స్
మార్చి 15

అమ్మా స్వర్ణా,

ఈ ఉత్తరం కొత్త కాగితం మీద రాస్తున్నాను. వెనకవైపు ఏమీ లేదు, వెతుక్కోకు.

నీ కవరు అందిన రోజే అట్టపెట్టె నేల మీద బోర్లించాను. మూడు రోజులు కొట్టు తలుపు సగం మూసి, ఒక్కొక్క కాగితం తిరగేశాను. ఎందరి అద్దె ఒప్పందాలు, ఎందరి అఫిడవిట్లు! మధ్యలో మా ఆవిడ. పందొమ్మిది దొరికాయి. నువ్వు పంపినవి మూడు. పద్దెనిమిది వందల్లో ఇరవై రెండు. చాలవు. చాలవని తెలుసు. కానీ నేల మీద కూర్చుని అవి చదివినప్పుడు డిసెంబరు తర్వాత మొదటిసారి కడుపారా ఏడ్చాను, అదీ మంచిదే.

ఒక కాగితంలో ఉన్నది ఇంతే. "కార్ట్రిడ్జ్ మళ్ళీ లీకవుతోంది. నా చీర చూడండి." ఇంకోదాంట్లో, "అరవకండి. మీకు వినపడకపోతే మాకూ వినపడదా?" ప్రతి దాని కింద నేను అప్పుడు చెప్పిన జవాబు పెన్సిల్‌తో రాశాను. నాలుగింటికి గుర్తు రాలేదు, ఖాళీ వదిలేశాను.

మానిటర్ మీద నీ కాగితం చింపాను. ఆ చోట జానకి "తల ఊపకండి" కాగితం అంటించాను. దాని కింద కూర్చున్నాక ఊపడానికి మెడ రాలేదు. కిషన్ దగ్గర ఒక పాత మానిటర్, ఒక కీబోర్డు తెచ్చి, గిరాకీ వైపు తిప్పి పెట్టాను. నా తెర మీద పడేదే అక్కడా పడుతుంది. అక్షరాలు పెద్దవి చెయ్యడం పుదీనాలో నేనే కనుక్కున్నాను.

మొదట వచ్చింది ఎవరనుకున్నావు? ఆ రోజు బల్ల చరిచి వెళ్ళిన భూపాల్. లోపలికి రాకుండానే చెయ్యి ఊపుతూ ఏదో మొదలుపెట్టాడు. నా మెడ కదలబోయింది. ఆపుకుని, "బాబూ, నాకు వినపడదు. అందులో కొట్టు" అన్నాను. డెబ్భై ఒక్కేళ్ళలో పరాయివాడితో ఆ మాట అనడం అదే మొదలు. అతను కీబోర్డు దగ్గరికి వచ్చాడు. రెండు వేళ్ళతో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. "గీ మాట ఆ దినమే చెప్తే అయిపోవు గద సార్. నేను తిట్టుకుంట పోయిన." క్షమించమన్నాను. వెనక బెంచీ మీద కూర్చుని ఇద్దరం టీ తాగాం. ఆ రోజు ఫైలు సేవ్ చేశాను.

చేసిన వెంటనే రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించాను. ఇరవై రెండు కాగితాలూ స్కాన్ చేసి వాటిలో పెట్టాను. ఒకటి ఇంట్లో ఉంది. రెండోది నువ్వు పంపిన పెన్ డ్రైవే, ఈ కవరులో నీకే తిప్పి పంపుతున్నాను. అది ఇక్కడికి దూరంగా, నీ దగ్గర ఉండాలి. దాంతో పాటు "స్వర్ణ ఏమీ తినలేదు" కాగితం కూడా పెట్టాను. అది నేను కావాలని ఎంచి పంపలేదు, నిజమే. ఇప్పుడు ఎంచి పంపుతున్నాను. దాని మీద నీకున్న హక్కు నాకు లేదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. నాకు కోపం రాలేదమ్మా. తెర నా వైపు తిరిగింది, పెద్ద అక్షరాలు కనిపించాయి, ఒక్క క్షణం జానకి అనుకున్నాను. తల ఎత్తి చూస్తే నువ్వు. ఏడుపు ఆపుకోలేక బయటికి పోయాను, జీపీఓ పోస్టాఫీసు మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. మర్నాడు ఆ కంప్యూటర్ ఎదురుగా ఉంటే బతకలేననిపించి ఇచ్చేశాను. నీతో ఒక్క మాట చెబితే పోయేది. తల ఊపి ఊరుకున్నాను.

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళూ బాకీ పెట్టాను, ఇప్పుడు చెబుతున్నాను. లేదు స్వర్ణా, ఆ రోజు నేను భోజనం చెయ్యలేదు. వేసవి సెలవులు ఇవ్వగానే రా. రెండో కీబోర్డు నీ ఎత్తుకు సరిపోయేలా పెట్టాను. కలిసి తిందాం.

రామచంద్రమూర్తి